రోజుకో కాగితం: కోవిడ్ వార్డు డాక్టర్లకు సమాచారం, అండ – ఒక జిల్లా ఆసుపత్రి కేస్ స్టడీ

కోవిడ్ కాలంలో డాక్టర్లకు సమాచారం అందలేదనే మాట తరచూ వింటుంటాను. మా ఆసుపత్రి మటుకు చూస్తే అది నిజం కాదు. అందవలసినదానికంటే ఎక్కువే అందింది. 2020 మార్చి నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, జిల్లా యంత్రాంగం ఎవరికి వారు ఉత్తర్వులు పంపుతూ వచ్చారు. అవి పీడీఎఫ్‌లై వాట్సాప్ గ్రూపుల్లో పడి, తేదీ ఉన్న మొదటి పేజీ ఊడిపోయి, నెల తరవాత కొత్త ఉత్తర్వుల్లా మళ్ళీ ప్రత్యక్షమయ్యేవి. రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర శిక్షణలో ఉన్న జూనియర్ డాక్టరు) అడిగేది ఒకటే: ఈ పూట, ఈ వార్డులో ఏది అమల్లో ఉంది? దానికి సంతకం పెట్టి జవాబు చెప్పే మనిషి లేడు. ఆ మనిషిని, ఆ జవాబును రోజుకో కాగితం రూపంలో ఎలా ఏర్పాటు చేసుకున్నామో, అందులో ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో ఇక్కడ రాస్తున్నాను.

మాది కోస్తాలో ఒక జిల్లా కేంద్రం. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. కోవిడ్ వార్డు డ్యూటీతోపాటు డాక్టర్లకు సమాచారం చేరవేసే పని కూడా నా మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. జూలై నెలాఖరుకు రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు దాటాయి. మెడిసిన్, పల్మనాలజీ, అనస్థీషియా విభాగాల వాళ్ళు చాలలేదు. కంటి డాక్టర్లు, చర్మ వ్యాధుల పీజీలు, ఎముకల డాక్టర్లు, అప్పటికప్పుడు కాంట్రాక్టు మీద తీసుకున్న కొత్త ఎంబీబీఎస్‌లు అందరూ వార్డుల్లోకి వచ్చారు. పదేళ్ళుగా స్టెతస్కోపు పట్టని కంటి సర్జన్‌కు ఉన్నట్టుండి ముప్పై మంది ఆక్సిజన్ రోగులను అప్పగిస్తే, ఆయనకు నలభై పేజీల మార్గదర్శకాలు చదివే తీరిక ఎక్కడిది?

మొదటి తగాదా

పని మొదలైంది డిశ్చార్జి నిబంధన దగ్గర. అంతకు ముందు, రోగిని ఇంటికి పంపాలంటే 24 గంటల్లో తీసిన రెండు శాంపిళ్ళు నెగెటివ్ రావాలి. 2020 మే 8న కేంద్రం దాన్ని మార్చింది. స్వల్ప లక్షణాలున్నవారికి లక్షణాలు మొదలై పది రోజులు గడిచి, మూడు రోజులుగా జ్వరం లేకపోతే పరీక్ష అవసరం లేదు. తీవ్రంగా జబ్బుపడి కోలుకున్నవారికి మాత్రం ఒక్క నెగెటివ్ చాలు. ఉత్తర్వు మారిన తరవాత కూడా మా వార్డుల్లో ఒకటి పాత పద్ధతిలో, ఒకటి కొత్త పద్ధతిలో నడిచాయి. ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు వార్డుల్లో ఉన్నారు. ఒకరిని పంపి ఒకరిని ఆపితే బంధువులు ఊరుకుంటారా? తిట్లన్నీ పడింది కొత్తగా చేరిన కాంట్రాక్టు డాక్టరమ్మ మీద. ఆమె చేసింది తప్పు కాదు. ఆమె చేతిలో ఉన్న కాగితం పాతది, అంతే.

సూపరింటెండెంటు గారు ఆ సాయంత్రమే ముగ్గురిని కూర్చోబెట్టి, అమల్లో ఉన్నదేదో రోజూ ఒక కాగితం మీద రాయమన్నారు: మెడిసిన్ నుంచి నేను, కమ్యూనిటీ మెడిసిన్ నుంచి ఒకరు, ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) నుంచి ఒకరు. ఈ మూడో ఎంపికే అన్నిటికంటే తెలివైనదని నా అభిప్రాయం. తరగతులు ఆగిపోయి ఫార్మకాలజీ మేడమ్‌కు సమయం ఉంది. మందుల పరిశోధనా పత్రాలు చదివి లోపలి తిరకాసు పట్టుకోవడం ఆమెకు వృత్తి. మేమంతా ఆమెను సెకండ్ ఎంబీబీఎస్ పరీక్షల రోజుల్లో తప్ప తలచుకునేవాళ్ళం కాదు. వార్డులో నలిగిపోతున్న డాక్టరు రాత్రి పదకొండింటికి పరిశోధన చదవలేడు. చదివి చెప్పేవారు వార్డు బయట ఉండాలి, కానీ అదే ఆసుపత్రి మనిషై ఉండాలి.

కాగితం ఎలా ఉండేది

ఏ4 కాగితం, ఒకే వైపు. పైన వరుస సంఖ్య, తేదీ, సమయం, సూపరింటెండెంటు సంతకం. కింద అయిదు గళ్ళు: నిన్నటి నుంచి మారినవి, మారనివి, ఇంకా తేలనివి, ఈ పూట సరుకు, ఎవరికి ఫోను చేయాలి. మందుల పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో, మిగతాదంతా తెలుగులో రాసేవాళ్ళం. డాక్టర్లకు తెలుగెందుకని మొదట్లో కొందరు నవ్వారు. ఆ కాగితాన్ని సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, వార్డు బాయ్‌లు కూడా చదవడం మొదలుపెట్టాక ఆ నవ్వు ఆగింది. డాక్టరు మరిచిపోతే సిస్టర్ గుర్తుచేసేది: "సార్, అది నిన్నటి నంబరులో ఉంది, ఈ రోజు మారింది."

పీపీఈ కిట్టు వేసుకున్నాక ఫోను ముట్టుకోలేము. అందుకే కిట్టు తొడుక్కునే గదిలో ఒక ప్రతి, వార్డు లోపల ప్లాస్టిక్ కవరులో ఒక ప్రతి అంటించాం. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి డ్యూటీ మారేటప్పుడు వెళ్ళేవారు వచ్చేవారికి దాన్ని పైకి చదివి వినిపించాలి. రెండు నిమిషాల పని. కొత్త కాగితం అంటించేటప్పుడు పాతది చించేసే బాధ్యతను నర్సింగ్ సూపరింటెండెంటు తన మీద వేసుకున్నారు. ఆవిడ దాన్ని ఎంత కచ్చితంగా నడిపారంటే, పాత నంబరు గోడ మీద కనిపిస్తే ఆ వార్డు ఇన్‌ఛార్జికి ఆ రోజు మాటలు పడేవి. ఒక వ్యవస్థలో కొత్త సమాచారం చేర్చడానికి పదిమంది ముందుకొస్తారు; పాతదాన్ని తీసేయడానికి ఒక్కరూ దొరకరు. మాకు ఆవిడ దొరికారు.

వాట్సాప్‌ను ఆపలేదు, ఆపలేము. ఒక నియమం మాత్రం పెట్టుకున్నాం: గ్రూపులో ఏది వచ్చినా కాగితం మీదికి ఎక్కేదాకా అది అమల్లో లేనట్టే. పరిశోధనల పేరుతో వచ్చే వీడియోలు, విదేశీ డాక్టర్ల ప్రసంగాలు, పొడి దగ్గుకు కషాయాలు అన్నీ ఒక గ్రూపులోకి మళ్ళించాం. అది చదివే ఓపిక ఉన్నవారు చదువుకునేవారు.

"ఇంకా తేలనివి" అనే గడి

అయిదింటిలో నాకు బాగా నచ్చినది, ఎక్కువ వాదనలు జరిగినది ఇదే. తెలియదని అధికారికంగా రాస్తే డాక్టర్ల ధైర్యం సన్నగిల్లుతుందని కొందరు సీనియర్ల భయం. జరిగింది వేరు. 2020 మార్చి నాలుగో వారంలో ఐసీఎంఆర్ టాస్క్‌ఫోర్స్ వైద్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు సూచించింది. మొదటి రోజు 400 మిల్లీగ్రాములు రెండుసార్లు, తరవాత వారానికి ఒకసారి 400 చొప్పున ఏడు వారాలు. మా కాగితం పనిచేయడం మొదలయ్యేసరికి సగం మంది వేసుకుంటున్నారు, సగం మంది భయపడుతున్నారు, కొందరు వేసుకుంటున్నామని అబద్ధం చెబుతున్నారు. మే నెలలో సవరించిన సూచన ముందుగా ఈసీజీ తీసి క్యూటీ (గుండె లయ తప్పే ముప్పును చూపే కొలత) చూడవచ్చని చెప్పింది. మేము రాసింది ఇది: "ఇది సూచన, నిర్బంధం కాదు. మేలు చేస్తుందని బలమైన ఆధారం ఇంకా లేదు. వేసుకోదలచినవారికి ఈసీజీ గదిలో ఉదయం తొమ్మిదికి వరుస అక్కర్లేదు." ఆ మరుసటి రోజు నుంచి అబద్ధాలు చెప్పాల్సిన అవసరం పోయింది.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కథ మరింత చిక్కుది. 2020 జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ (రోగులపై మందుల పరీక్ష) ఫలితాన్ని ప్రకటించారు. రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు. వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారి మరణాలు అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనబడలేదు. కేంద్ర చికిత్సా ప్రోటోకాల్‌లో అది చేరింది జూన్ 27న. మధ్యలోని పదకొండు రోజులు ఏం చేయాలి? పూర్తి పత్రం ఇంకా అచ్చు కాలేదు, పత్రికా ప్రకటన మాత్రమే ఉంది అని కాగితంలో ఆ సంగతిని ఉన్నదున్నట్టు రాశాం. మరో స్టెరాయిడ్ మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అప్పటికే ప్రోటోకాల్‌లో ఉంది కాబట్టి, ఆక్సిజన్ మీద ఉన్నవారికి ఏ స్టెరాయిడ్ అనేది యూనిట్ చీఫ్ నిర్ణయానికి వదిలాం. ఫార్మకాలజీ మేడమ్ పట్టుబట్టి ఒక వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో వేయించారు: ఆక్సిజన్ అవసరం లేనివారికి ఇవ్వవద్దు. వార్త ఊరంతా పాకేటప్పుడు ఆ సగం రాలిపోతుందని ఆవిడకు ముందే తెలుసు. 2021లో ఇంటి దగ్గరే జ్వరం వచ్చిన రెండో రోజు నుంచి స్టెరాయిడ్ మింగి, షుగరు 400 దాటి మా దగ్గరికి వచ్చినవారిని చూసినప్పుడు అందరికీ తెలిసింది.

ప్లాస్మా (కోలుకున్నవారి రక్తం నుంచి తీసి రోగికి ఎక్కించేది) సంగతి చూడండి. ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందిపై చేసిన ప్లాసిడ్ ట్రయల్ 2020 అక్టోబరులో అచ్చయింది. మరణాలు తగ్గలేదు, జబ్బు ముదరడమూ ఆగలేదు. మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే 17న. ఆ ఏడు నెలలూ అది మా "ఇంకా తేలనివి" గడిలోనే ఉండిపోయింది: "మార్గదర్శకంలో ఉంది, ఆధారం బలహీనం, రాసే ముందు సీనియర్‌తో మాట్లాడండి." దాత కోసం బంధువులు రాత్రంతా ఊళ్ళు తిరగడం కొంతైనా తగ్గింది.

డాక్టర్లు అడిగిన మొదటి ప్రశ్నలు

కాగితం చివర ఉన్న ఫోను నంబరు ఇరవైనాలుగు గంటలూ పలికేది. వచ్చిన ప్రతి ప్రశ్ననూ ఒక రిజిస్టరులో రాసేవాళ్ళం. వెంటిలేటర్ సెట్టింగుల గురించి, మందుల గురించి అడుగుతారనుకుని కూర్చున్నాం. మొదటి వారాల్లో వచ్చినవి దాదాపుగా వేరే రకం. డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళవచ్చా, లేక గది ఇస్తారా? ఇంట్లో ఎనభై ఏళ్ళ అమ్మ ఉంది, ఎలా? నేను గర్భిణిని, డ్యూటీ మార్చమని ఎవరిని అడగాలి? నా శాంపిల్ ఇచ్చి మూడు రోజులైంది, ఫలితం ఎక్కడ? ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడు. నేను చర్మ వ్యాధుల పీజీని, ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) నా చేత చేయిస్తారా?

అమెరికాలో 2020 వసంతంలో 69 మంది వైద్య సిబ్బందితో కూర్చుని వాళ్ళ భయాలు విని జామా అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసం ఒకటి ఉంది. అందులో తేలిన ఎనిమిది భయాలను మా రిజిస్టరుతో పోలిస్తే తేడా స్వల్పం. ఇంటి ఓనరు మాత్రమే అందులో కనిపించలేదు.

అందుకే సమాచారం ఒక విభాగం, సిబ్బంది సంక్షేమం ఇంకో విభాగం అన్న పద్ధతిని వదిలేశాం. రెండూ అదే కాగితంలో, అదే ఫోనులో నడిచాయి. సిబ్బంది శాంపిళ్ళకు వేరే రంగు మూత పెట్టి ముందు వరుసలో పరీక్షించమని ల్యాబును ఒప్పించాం. 2020 మే 15న కేంద్రం ఇచ్చిన సూచనతో డ్యూటీ తరవాత అందరికీ క్వారంటైన్ అనే పద్ధతి పోయింది. ఎక్కువ ప్రమాదకరంగా వైరస్‌కు గురైనవారికే పరిమితమైంది. అంటే క్వారంటైన్ కోసం ఇచ్చే హోటలు గదులు తగ్గుతాయి. ఇలాంటి కబురు మెమోగా రాకూడదని సూపరింటెండెంటు గారు సెమినార్ హాలులో దూరం దూరంగా కుర్చీలు వేయించి స్వయంగా చెప్పారు. గంటసేపు తిట్లు తిన్నారు. చివరికి వృద్ధులు, పసిపిల్లలు ఇంట్లో ఉన్నవారి వరకు గదులు కొనసాగించేలా దాతలను చూసుకున్నారు. కోపం పోలేదు కానీ ఎవరూ డ్యూటీ ఎగ్గొట్టలేదు.

బీమా గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలా ఆసుపత్రుల్లో దీన్ని తేలికగా తీసుకున్నారు. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద కోవిడ్ విధుల్లో ఉన్న వైద్య సిబ్బందికి 50 లక్షల రూపాయల ప్రమాద బీమా 2020 మార్చి 30 నుంచి అమల్లోకి వచ్చింది. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వారికీ వర్తించేది. ఆ సంగతి మా కాంట్రాక్టు డాక్టర్లలో చాలామందికి తెలియదు. క్లెయిము చేయాలంటే పాజిటివ్ రిపోర్టు, మరణ ధ్రువపత్రంతోపాటు ఆ మనిషి కోవిడ్ రోగుల సేవలో ఉన్నట్టు సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కావలసి వచ్చేది. దానికి ఆధారం డ్యూటీ రోస్టరు. రోస్టర్లేమో ఎక్సెల్‌లో పదిసార్లు దిద్ది, చివరికి ఫోన్లో చెప్పుకుని మార్చుకునేవి. అందుకని ప్రతి షిఫ్టు ముగిశాక నిజంగా ఎవరు పనిచేశారో సంతకాలతో ఒక ప్రతిని ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) కార్యాలయంలో భద్రపరచడం మొదలుపెట్టాం. కాంట్రాక్టు డాక్టర్ల నియామక పత్రాలు కూడా అక్కడే. బతికున్న మనిషికి ఈ మాట చెప్పడం ఇబ్బందే. అయినా చెప్పాం, విన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. భారత వైద్య సంఘం లెక్కలో రెండో ఉద్ధృతిలోనే దేశంలో దాదాపు 800 మంది డాక్టర్లు పోయారు. మా ఆసుపత్రి ఆ లెక్కకు బయట లేదు. మా సీనియర్ ఒకరు పోయిన రోజు కాగితంలో మొదటి వరుసగా ఆ వార్తే వేశాం. గ్రూపుల్లో పుకారుగా తెలియడం కంటే అది మేలు.

మానసిక ఆరోగ్యం కోసం సైకియాట్రీ విభాగం హెల్ప్‌లైను పెట్టింది. డాక్టర్లెవరూ ఫోను చేయలేదు. తమ విభాగం సహోద్యోగికే ఫోను చేసి ఏడవగలిగేవారు అరుదు. ఆ తరవాత సైకియాట్రీ ప్రొఫెసరు గారు రాత్రి డ్యూటీ దిగేవాళ్ళు టీ తాగే గదిలో పొద్దున్నే వచ్చి కూర్చునేవారు, ఏమీ అడగకుండా. ఇడ్లీ తింటూ మాట్లాడేవాళ్ళు మాట్లాడారు. పాజిటివ్ వచ్చి గదిలో ఉన్న ప్రతి డాక్టరుకూ ఒక సీనియర్ రోజూ ఫోను చేయాలన్నది ఇంకో నియమం. ఇవి రెండే పనిచేశాయి. గంటన్నర వెబినార్లు, యాప్, ఈమెయిల్ బులెటిన్, ప్రేరణ ప్రసంగాలు దండగ.

2021 ఏప్రిల్, మే

రెండో ఉద్ధృతిలో కాగితం స్వభావమే మారిపోయింది. ఏప్రిల్ 22న ఎయిమ్స్, ఐసీఎంఆర్ కలిసి ఒకే పేజీలో చికిత్సా క్రమం విడుదల చేశాయి. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని విడగొట్టి, రక్తంలో ఆక్సిజన్ శాతం 90 నుంచి 93 అయితే మధ్యస్థం, 90 కంటే తక్కువైతే తీవ్రం అని. దాన్ని యథాతథంగా అంటించాం. చికిత్స గురించి మేము కొత్తగా చెప్పవలసింది తగ్గింది. "ఈ పూట సరుకు" గడి మిగతా నాలుగింటినీ మింగేసింది.

ఆక్సిజన్ నిల్వ వార్డు డాక్టర్లకు చెప్పాలా వద్దా? చెబితే భయం పుడుతుందని, అది బంధువులకు పాకుతుందని జిల్లా సమావేశంలో కొందరు అన్నారు. అనస్థీషియా వాళ్ళు ఒప్పుకోలేదు. పెద్ద సిలిండరులో దాదాపు 7 వేల లీటర్లుంటాయి. రిజర్వాయర్ మాస్కు మీద నిమిషానికి 15 లీటర్లు నడిస్తే ఎనిమిది గంటలు కూడా రాదు. హై ఫ్లో (ముక్కు ద్వారా వేగంగా ఆక్సిజన్ పంపే యంత్రం) మీద 60 లీటర్లు నడిస్తే రెండు గంటల లోపే అయిపోతుంది. ఈ లెక్క తెలిసిన డాక్టరు శాతం 98 చూసి సంతోషించడు. 92 నుంచి 96 మధ్య ఉంచి ఫ్లో తగ్గిస్తాడు, రోగిని బోర్లా పడుకోబెడతాడు. లెక్క తెలియనివాడు వాల్వు పూర్తిగా తిప్పి ఉంచుతాడు. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయినట్టు అధికారులు ప్రకటించాక మా దగ్గర ఆ చర్చ ముగిసింది. షిఫ్టుకోసారి ట్యాంకు మట్టం, లైను ఒత్తిడి, తరవాతి ట్యాంకరు ఎక్కడిదాకా వచ్చిందో రాశాం.

రెమ్‌డెసివిర్ (వైరస్‌కు ఇచ్చే ఇంజెక్షను) విషయంలో డాక్టరుకు కావలసింది కాగితం కంటే కవచం. మరణాలు తగ్గించడంలో దాని ప్రభావం దాదాపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్ 2020 అక్టోబరులోనే చెప్పింది. ఊళ్ళో మాత్రం నల్లబజారులో వయల్ కోసం పొలాలు తాకట్టు పెడుతున్నారు. చీటీ రాయలేదని హౌస్ సర్జన్ కాలరు పట్టుకున్నారు. అప్పుడు బంధువుల కోసం ప్రత్యేకంగా తెలుగులో నోటీసు వేశాం: ఎవరికి ఇస్తాం, ఎవరికి ఇవ్వం, లక్షణాలు మొదలై పది రోజులు దాటితే ఎందుకు ఇవ్వం. కింద సూపరింటెండెంటు సంతకం, ఆయన ఫోను నంబరు. ఇరవైమూడేళ్ళ కుర్రవాడు ఇక ఒంటరిగా వాదించనక్కర్లేదు. గోడ వైపు చూపిస్తే చాలు. ఐసీయూ మంచం ఎవరికి అనే నిర్ణయం కూడా డ్యూటీ డాక్టరు చేతిలోంచి తీసి ముగ్గురు సీనియర్ల బృందానికి అప్పగించాం. డాక్టర్లపై దాడులకు అయిదేళ్ళ దాకా, తీవ్ర గాయమైతే ఏడేళ్ళ దాకా శిక్ష వేసేలా 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ మాట కూడా నోటీసులో ఉంది కానీ, జనాన్ని ఆపింది ఆ ఫోను నంబరే అని నా నమ్మకం.

మేలో బ్లాక్ ఫంగస్ మొదలైంది. తెలంగాణ మే 20న దాన్ని తప్పక తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. దానికి ఇచ్చే మందు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కిలోకు 5 మిల్లీగ్రాములంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. సరఫరా చూస్తే చాలదని రోజూ తెలిసిపోయేది. ఎన్ని ఉన్నాయో దాచకుండా రాయడం, షుగరు చార్టు ప్రతి కేసు షీటుకూ తగిలించడం, ముఖం నొప్పి, ముక్కు దిబ్బడ, చూపు మసక అంటే ఈఎన్‌టీకి వెంటనే చూపించమనడం – ఇంతవరకే కాగితం చేయగలిగింది.

విదేశాల్లోని మా కళాశాల పూర్వ విద్యార్థులు గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సన్ట్రేటర్లు పంపారు, జూమ్‌లో పాఠాలు చెప్పారు. న్యూయార్క్ 2020 ఏప్రిల్‌లో చూసింది మాకు ఆగస్టులో వచ్చింది కాబట్టి బోర్లా పడుకోబెట్టడం గురించి వాళ్ళు చెప్పినవి బాగా పనికొచ్చాయి. ఇద్దరు రోగులకు ఒక నర్సు ఉంటుందనుకుని చెప్పినవి పనికిరాలేదు.

ఊళ్ళోని ఆర్‌ఎంపీలు

ఇది ఇప్పటికీ తెగని వివాదం. రోగి మా దగ్గరికి వచ్చేసరికి అయిదారు రోజులు ఆర్‌ఎంపీ చేతిలో గడిపి వస్తున్నాడు. వాళ్ళకూ ఒక అర పేజీ పంపాలని కమ్యూనిటీ మెడిసిన్ సార్ అన్నారు: ఆక్సిజన్ శాతం 94 కంటే తగ్గితే పంపించు, ఆరు నిమిషాలు నడిపించి చూడు, స్టెరాయిడ్ ముట్టుకోకు. స్థానిక వైద్య సంఘం వాళ్ళు అభ్యంతరం చెప్పారు. అర్హత లేనివారికి ప్రభుత్వ ఆసుపత్రి కాగితం పంపితే గుర్తింపు ఇచ్చినట్టే అన్నారు. వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. చివరికి ఆసుపత్రి పేరు లేకుండా ఆశా కార్యకర్తల ద్వారా వెళ్ళింది. నా ఓటు పంపడానికే, ఈ రోజుకూ.

కాగితం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర ఉన్న కొలత రిజిస్టరు ఒక్కటే. ఒకే ప్రశ్న మూడు షిఫ్టుల్లో మళ్ళీ వస్తే ఆ వాక్యం సరిగా రాయలేదని అర్థం, మర్నాడు తిరగరాసేవాళ్ళం. 2022 జనవరిలో ఒమిక్రాన్‌తో డాక్టర్లే గుంపులుగా పాజిటివ్ అయినప్పుడు ప్రశ్నలన్నీ ఏడు రోజుల ఐసొలేషన్ చుట్టూ తిరిగాయి. మార్చికి ప్రశ్నలు ఆగాయి, కాగితమూ ఆగింది.

ఇప్పుడు డెంగీ సీజన్లో వారానికోసారి వస్తోంది. మళ్ళీ రోజువారీగా ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరు రాయాలి, ఎవరు సంతకం చేయాలి, ఫోను ఎవరి దగ్గర ఉండాలి అనేవి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ మినిట్స్‌లో నమోదు చేయించాం. మొదటి ముగ్గురిలో ఇద్దరికి బదిలీ అయింది. ఫార్మకాలజీ స్థానం మాత్రం ఖాళీగా ఉంది, ఎందుకంటే పారాక్లినికల్ (ఫార్మకాలజీ లాంటి, వార్డు బాధ్యత లేని విభాగాల) అధ్యాపకులకు వార్డు సమాచార డ్యూటీ వేయడానికి ఉత్తర్వు ఏదీ లేదు. అడుగుతూ ప్రతిపాదన పంపాం.